ఎర్రసిరాలో ఆఖరి వరుసలు

ఆ బాతుకొవ్వు చేతులతో పుస్తకం పట్టుకోకే యుట్టా, మరకపడితే నా పదకొండేళ్ళు మట్టిపాలే, అని పైకే అనేశాను, బల్ల చుట్టూ అందరూ నవ్వారు, కడుక్కునే వచ్చానమ్మా అని నా కూతురు అరచేతులు చూపించింది, నవ్వనీ, వీళ్ళకేం తెలుసు, పెళ్ళై ఈ జర్మన్ కోటకు వస్తుంటే మా అమ్మ నా పెట్టెలో పెట్టిన ఫ్రెంచి కథ అది, చలికి సిరా గడ్డకడితే బుడ్డిని ఒళ్ళో పెట్టుకుని కరిగించుకుంటూ, మాటకు మాట వెతుక్కుంటూ ఈ భాషలోకి తెచ్చాను, యుట్టా శుభ్రంగా తిరగరాసింది, ఇవాళ విందులో అందరికీ చదివి వినిపించడమూ అయిపోవచ్చింది, ఇక మిగిలినవి ఎర్రసిరా వరుసలే, కథను ఈ భాషలోకి మార్చిందెవరో చెప్పి వాళ్ళ ఆత్మ కోసం ప్రార్థించమని అడిగేవి, అవి నేనే చీటీ మీద రాసిచ్చాను, విధవరాలు మెక్తిల్డ్ అని, రేపు నేను పోయాక చదివినవాళ్ళు నాకూ ఒక ప్రార్థన చెప్తారు కదా అని, యుట్టా గొంతు సవరించుకుంది, ఈ కథను మార్చినవారు మన ఫాదర్ వోల్క్‌మార్, ఆయన ఆత్మ కోసం ప్రార్థించండి, అని చదివింది.

ఆమెన్ అన్నారు అందరూ, అలవాటుకొద్దీ నా నోరూ అంది, ఫాదర్ ముఖం ఎర్రబడింది, మా మరిది ఎబర్విన్ గిన్నె పైకెత్తి, వదినగారూ, మీ ఫాదర్‌కి ఫ్రెంచిలో ఉల్లిపాయ అడగడం కూడా రాదు, ఇంత ప్రేమకథ ఎలా మార్చాడండీ అన్నాడు, దేవుడి దయ బాబూ అన్నాడు ఫాదర్, ఓహో దేవుడికి ఫ్రెంచి వచ్చన్నమాట, మళ్ళీ నవ్వులు, నా పిల్ల, నా కడుపున పుట్టింది, నా వేలు పట్టుకుని అక్షరం దిద్దింది, ఎవరు నూరిపోశారే నీకు, నీకు జ్వరమొస్తే నీ మంచం పక్కనే కదే ఏడో అధ్యాయం రాశాను, ఊపిరి ఆడుతోందో లేదోనని పంక్తి పంక్తికీ నీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ, నన్నే అమ్మేశావే.

బల్లలు ఎత్తేశారు, అందరూ వెళ్ళిపోయారు, ఎందుకు చేశావే అని అడిగాను, పుస్తకాన్ని గుడ్డలో చుట్టింది, ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది.

నువ్వే కదమ్మా, అంది చివరికి, పేజీ అయిన ప్రతిసారీ ఆమెన్ అన్నట్టు అనేదానివి, ఎవరికీ చెప్పకే, విధవ ప్రేమకథలు రాస్తోందని తెలిస్తే మీ బాబాయి నన్ను మఠంలో పడేసి కోట లాక్కుంటాడే అని, ఆ చీటీ ఇచ్చేటప్పుడు కూడా నీ చెయ్యి వణికింది, నా చేత్తో నిన్ను మఠానికి పంపలేనమ్మా, అంది, చీటీ మీద నా పేరు రాసిచ్చాననుకున్నాను, నా వణుకే రాసిచ్చానన్నమాట.