దండకు రాని పువ్వు

మదనపల్లెలో వాణి కొత్తగా అద్దెకు తీసుకున్న మేడమీది ఇంటికి ముందర పెద్ద వరండా ఉంది. "ఈడ కుండీలు పెడదామమ్మా. ఏ పూలు కావాల్నో నువ్వే ఏరుకో" అని, ఆదివారం పొద్దున తల్లిని పుంగనూరు రోడ్డులో ఉన్న నర్సరీకి పిలుచుకుపోయింది.

ఆ తల్లి పాపక్క కుప్పం పక్క పల్లెలో ఇన్నేళ్లూ పూలతోటల్లో కూలికి పోయిన మనిషి. తెల్లారకముందే మంచులో నడుము వంచి, బెంగళూరు బండి వచ్చేలోపల బుట్టలు నింపేది. వాణికి నర్సు ఉద్యోగం వచ్చినాక, ఇంక చాలమ్మా అని పట్టుబట్టి తన దగ్గరికి తెచ్చుకుంది.

నర్సరీ నడిపే జయచంద్ర మొక్కలన్నీ వరసగా చూపించాడు. చామంతి దగ్గర పాపక్కకు నడుము కలుక్కుమన్నట్టయింది. కనకాంబరం చూస్తే వేళ్లు తిమ్మిరెక్కాయి. మల్లెమొగ్గ కనబడగానే చెయ్యి దానంతటదే కొంగును ఒడి కట్టబోయింది.

"యాలమ్మా, ఒకటీ నచ్చలేదా?"

"నచ్చక కాదు పాపా. వీటిని సూస్తాంటే మళ్లా కూలిపనికి వచ్చినట్టుండాది."

వాణి పకపకా నవ్వి, తల్లి మొహం చూసి ఆగింది. "సరే, నీకిష్టమైన పువ్వేదో చెప్పు."

పాపక్క తడబడింది. ఎన్ని పూలు కోసిందో లెక్కలేదు గానీ, ఆ మాట ఇంతదాకా ఆమెనెవరూ అడగలేదు. జవాబు కోసం నాలుగు పక్కలా చూసింది. గోడ మూల ఎండలో ఒక ట్రే నిండా గులాబి, పసుపు, తెలుపు రంగుల చిట్టిపూలు విరగబూసి ఉన్నాయి.

"అవేంటివప్పా?"

"టేబుల్ రోజ్ అక్కా. సూసేదానికి బాగుంటాయి, అంతే. దండకు రావు, జడలోకి రావు. సాయంత్రానికి ముడుసుకుంటాయి."

"కోసేదానికి పనికిరావా?"

"కోస్తే చేతిలోనే వాడిపోతాయి."

"అయితే అవే గావల!" అంది పాపక్క. ఆ గొంతుకు పక్కన మొక్కలు చూస్తున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

ఇంటికి తెచ్చి పాత పెయింటు డబ్బాల్లో నాటింది. కొన్నాళ్లకు అవి డబ్బాల అంచులు దాటి కిందికి వేలాడాయి. అలవాటు కొద్దీ పాపక్క చీకటితోనే లేచేది. పూలకు మాత్రం ఏ తొందరా లేదు. ఎండ వరండాలోకి వచ్చినాకనే ఒక్కొక్కటీ కళ్లు తెరిచేవి. అంతదాకా ఆమె టీ గ్లాసు పట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చునేది.

ఒకరోజు కింది ఇంటి కుప్పమ్మ మెట్లెక్కి వచ్చి, "దేవుడికి నాలుగు కోసుకోనా?" అనడిగింది.

"కొయ్యొద్దమ్మా. కూసోని సూడు."

కుప్పమ్మ కూర్చుంది. ఏ రంగు బాగుందని ఇద్దరికీ వాదన పడింది. డ్యూటీకి బయల్దేరుతున్న వాణిని ఆపి పాపక్క అడిగింది:

"పాపా, నారింజ రంగుది కూడా ఉండె సూడు ఆ నర్సరీలో. వచ్చేటప్పుడు తెస్తావా?"

కావాలని అడగడం కొత్తేమో, అడిగేసినాక ఆమెకు సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.