గోదారిలోకి దిగిన ట్రైలరు

నేను ఒక పడవను మోసే ట్రైలర్ని. నాకంటూ ఇంజను లేదు, ఎవరో ఒకరు లాక్కెళ్లాలి. పాత జీపు చక్రాలకీ లారీ ఇరుసుకీ నాలుగు ఇనుప కమ్మీలు అతికించి అమలాపురం దగ్గర ఓ షెడ్డులో నన్ను తయారుచేశారు. మొదటి యజమాని సరదాకి పడవ కొన్నాడు. దాన్నీ నన్నూ రెండేళ్లు టార్పాలిన్ కింద దాచి, వచ్చిన చుట్టాలందరికీ చూపించి మురిసిపోయాడు. నీటిచుక్క ఎరగకుండానే నేను పోలయ్య చేతికొచ్చాను.

పోలయ్య సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి. పడవను రిపేరుకి తీసుకెళ్లడానికి నన్ను కొన్నాడు.

ఆ ఆగస్టులో గోదావరి పొంగింది. నది మధ్య లంకలో ఉన్న పోలయ్య కూతురు నూకరత్నానికి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది. అక్కడి పడవలన్నీ కొట్టుకుపోయాయట. పోలయ్య తన పడవను నా మీదకెక్కించి, తాళ్లు బిగించి, వాళ్లూరి చిట్టిబాబు ట్రాక్టరుకి నన్ను తగిలించాడు. గుంతల్లో ఎగిరెగిరి పడుతూ పాతిక కిలోమీటర్లు ఎలా పరిగెత్తానో నాకే తెలీదు.

గట్టు దగ్గర చిట్టిబాబు నన్ను నీళ్లవైపు వెనక్కి నెట్టడం మొదలుపెట్టాడు. అతను స్టీరింగు ఎడమకి తిప్పితే నేను కుడికి పోతాను. ఎంత తిట్టినా నా తీరంతే. మూడోసారికి దారికొచ్చాను.

"ఆపరా" అన్నాడు పోలయ్య. పడవ ముక్కు ట్రాక్టరు వైపుంది. వాళ్లూళ్లో పడవ ఎప్పుడూ ముక్కుతోనే నీళ్లలోకి దిగాలి. "గంగమ్మకి వీపు చూపిత్తామేంట్రా? దించి తిప్పాల."

"తిప్పాలంటే పదిమంది కావాల మావా. అరగంట పడుద్ది. అక్కడ రత్నం ఆగుద్దా?"

పోలయ్య మొలలోతు నీళ్లలోకి దిగి, గోదారికి ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు.

"తల్లీ, పడవ మొకం బదులు నా మొకం చూడు. నా పిల్లని నాకియ్యి."

నా చక్రాలు మునిగాయి. ఇరుసు మునిగింది. తాడు వదలగానే పడవ జర్రున జారి తేలింది! పుట్టి ఇన్నేళ్లకి నేనెందుకు పుట్టానో తెలిసింది. సంతోషం పట్టలేకపోయాను.

లంకకి వెళ్లిన పోలయ్య గంటన్నరకి పడవతో తిరిగొచ్చాడు. అందులో నూకరత్నం మెలికలు తిరిగిపోతోంది, తోడుగా అత్తగారుంది. ఆ బురదలో ఆమెను దించి నడిపించడం కుదరదు.

"దించొద్దు. పడవతోనే ఎక్కించెయ్యండి" అన్నాడు పోలయ్య.

మనుషులతో సహా, తేలుతున్న పడవను నీళ్లలోనే ఉన్న నా మీదకి లాగారు. ఆస్పత్రి ఆరు కిలోమీటర్లు. చిట్టిబాబు గుంత గుంతకీ నెమ్మదించాడు. నేను ఒళ్లంతా బిగబట్టుకుని నడిచాను. నాలుగో కిలోమీటరు దాటాక పైనుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ట్రాక్టరు ఆగింది. పోలయ్య దిగి రోడ్డు మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇప్పుడు నేను పాక వెనక తుప్పు పట్టి పడున్నాను. ఆ రోజు పుట్టిన పిల్ల బడికెళ్తోంది. ఎక్కడ పుట్టావే అని ఎవరడిగినా "పడవలో" అంటుంది. అందరూ ఆశ్చర్యపోతారు. ఆ పడవ అప్పుడు దేనిమీద ఉందని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.