మెడగంటలో గడ్డి

ఆవు మెడగంటలో గడ్డి కుక్కమని అమ్మకు చెప్పింది నేనే. చప్పుడు కాకూడదని. మా మాసాయిల్లో గడ్డి అంటే మామూలు వస్తువు కాదు. గుప్పెడు గడ్డి చేతపట్టి నిలబడ్డ మనిషి మీద ఎవరూ చెయ్యెత్తరు, పగవాడైనా సరే. అటువంటి గడ్డిని దొంగతనానికి వాడమన్నాను. అమ్మ నా మొహం వంక ఒకసారి చూసి కుక్కింది.

దొంగతనమని నేననడం లేదు. సంస్థ అంటుంది. కెన్యాలో మారా నదికి ఉత్తరాన ఉన్న మా గడ్డినేలంతా అడవి జంతువుల కోసమని కౌలుకు తీసుకున్న సంస్థ. కాగితం మీద వేలిముద్ర మా బాబాయిది. నాన్న పోయాక మా వాటా కూడా ఆయన వేలి కిందికే పోయింది. అమ్మ వేలు ఎవరూ అడగలేదు. అప్పట్నుంచి ఆ నేల మీద సింహం తిరగొచ్చు, ఏనుగు తిరగొచ్చు, కెమెరా మెడకేసుకున్నవాడు ఎవడైనా తిరగొచ్చు. మా ఆవు తిరగకూడదు. దొరికితే తోలుకుపోతారు, మళ్ళీ ఇవ్వరు.

రెండేళ్ళుగా వానల్లేవు. సరిహద్దుకు ఇవతల నేల గీకినా వేరు దొరకదు. అవతల నడుము లోతు గడ్డి, ఫోటోల్లో అందంగా ఊగడానికి. మా నలభై ఒక్క ఆవుల్లో మిగిలింది ఒక్కటి. నాడో. ఎర్రది అని అర్థం. ఏడు నెలల చూలు. అది బతికి ఈనితే మంద మళ్ళీ మొదలవుతుంది. అది చస్తే మేము ఆవుల్లేని మాసాయిలం. ఆకుల్లేని చెట్టుకైనా చెట్టని పేరుంటుంది. ఆవుల్లేని మాసాయికి ఏ పేరూ లేదు.

నేను ఆ సంస్థ క్యాంపులోనే సఫారీ జీపు నడుపుతాను. అతిథులకు జంతువుల్ని వెతికి చూపిస్తాను. కాబట్టి మర్నాడు జీపులు ఎటు వెళ్తాయో నాకు ముందే తెలుస్తుంది. రోజూ సాయంత్రం అమ్మకు ఫోను చేసి చెబుతాను. జీపులు పడమరకైతే అమ్మ నాడోను తూర్పున ఉన్న ముళ్ళలోయకు తోలుకొస్తుంది. ఎక్కడన్నా జీపు చప్పుడైతే గడ్డిలో బోర్లా పడుకుంటుంది. అదీ నేను చెప్పిందే. ఐదు వారాలు ఇలాగే నడిచింది.

ఆ రోజుకు పడమర అని చెప్పాను.

జీపులో హెండ్రిక్ ఒక్కడే ఉన్నాడు. హాలండులో పళ్ళ డాక్టరు పని చేసి మానేసినవాడు. ఆడసింహం వేటాడే ఫోటో కావాలని పది రోజులుగా నా జీపులో కూర్చున్నాడు. మర్నాడే విమానం. పొద్దున్నే పడమరకు తీసుకెళ్ళాను. సింహం లేదు. దారి దుమ్ములో అడుగులు మాత్రం ఉన్నాయి. నేను చూసీ చూడనట్టు పోతుంటే అతను భుజం తట్టాడు.

"రెసియాటో, ఆపు. ఇది తూర్పుకు వెళ్ళింది."

"నిన్నటివి సార్ అవి."

"నిన్నటివా? అంచు పదునుగా ఉంటే తాజాది, గాలికి విరిగితే పాతది అని నువ్వే కదా చెప్పావు? చూడు, కత్తితో కోసినట్టున్నాయి."

నేర్పిందీ నేనే.

"నదివైపు చిరుతపులి ఉంది సార్. చెట్టు కొమ్మ మీదే పడుకుంది. వెలుతురు బాగుంటుంది."

"పది రోజులు చిరుతపులులే చూపించావు తల్లీ. రేపు నేను పోతాను, అప్పుడు నీ చిరుతపులితో నువ్వు కాపురం చేసుకో. ఇవాళ మాత్రం తూర్పు."

స్టీరింగు కింద ఫోను నొక్కాను. ముళ్ళలోయలో సిగ్నల్ ఉండదని తెలుసు. అయినా మూడుసార్లు నొక్కాను. గేర్లు గరగరలాడించాను, ఇంజను ఊరికే రేపాను. అమ్మకు వినబడితే ఆవును తోలుకుపోతుందని ఆశ. ఆ తర్వాత తెలివొచ్చింది. జీపు చప్పుడైతే ఏం చెయ్యమన్నాను? పడుకోమన్నాను.

సింహం లోయ అంచున పొద కింద ఉంది. పొట్ట నేలకు ఆనించి, చెవులు ముందుకు పెట్టి. హెండ్రిక్ ఊపిరి బిగబట్టి కెమెరాను కిటికీలో పెట్టిన ఇసుకసంచి మీద ఆనించాడు. ఆ చెవులు చూస్తున్న వైపే నేనూ చూశాను. ఎనభై అడుగుల దూరంలో గడ్డిపైన ఎర్రటి వీపు. నాడో తలొంచి మేస్తోంది. గంట మోగడం లేదు.

అమ్మ కనబడలేదు.

పడుకున్న మనిషి సింహానికి మనిషి కాదు, మాంసం. అది మాకు పాలు తాగే వయసునుంచీ తెలుసు. నిలబడితే సింహం వెనక్కి తగ్గుతుంది. అమ్మ నా మాట విని పడుకుంది.

"సార్, అక్కడ ఆవుంది."

"చూశాను. కొమ్ములు ఫ్రేములోకి వస్తున్నాయి. ఆవులు ఇక్కడికి రాకూడదు కదా?"

"రాకూడదు సార్. హారన్ కొడతాను."

"పిచ్చా నీకు?" కెమెరా మీంచి కన్ను తీయలేదు. "వేటలో కలగజేసుకోకూడదని మొదటి రోజు పాఠం చెప్పింది ఎవరు? కదలకు."

హారన్ కొడితే నా లైసెన్సు పోతుంది. కొండ మీద పార్సలోయ్ వింటాడు. సంస్థ కాపలాదారు. మా వంశం వాడే, అన్నా అని పిలుస్తాను. ఆవుల్ని పట్టడమే అతని ఉద్యోగం. హారన్ కొట్టకపోతే... 

సింహం వెనక కాళ్ళు కుదురుగా పెట్టుకుంది. దాని తోక కొస ఒక్కసారి ఆడింది.

హారన్ మీద రెండు చేతులూ వేసి నొక్కి, మా భాషలో అరిచాను. "అమ్మా, లే! లేవే అమ్మా, సింహం!"

అమ్మ లేచింది. ఆవు పక్కన కాదు, సింహానికి పది అడుగుల దూరంలో. ఎర్ర దుప్పటి, చేతిలో కర్ర, మొహం నిండా గడ్డిగింజలు. సింహం అప్పటికే దూకింది. అమ్మను దాటి పోయి నాడో తొడ మీద పడింది. అమ్మ పరిగెత్తలేదు. నడిచింది. బండ బూతులు తిడుతూ, కర్ర పైకెత్తి సింహం మొహానికి ఎదురు నడిచింది. నా వెనక కెమెరా టకటకమంటూనే ఉంది. జీపు తీసుకెళ్ళి మధ్యలో పెట్టాను. సింహం నా వైపు పళ్ళు చూపించి, వదిలేసి పొదల్లోకి పోయింది.

నాడో నిలబడే ఉంది. తొడ చీరుకుపోయి నెత్తురు గిట్టల దాకా కారుతోంది. అమ్మ దాని పొట్ట మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, చాలాసేపు వేచింది.

"కదుల్తోంది. లోపలిది బతికే ఉంది."

హెండ్రిక్ కెమెరా దించాడు. "వచ్చింది. మొత్తం వచ్చింది. నా జన్మలో ఇలాంటిది తీయలేదు." తెర నా వైపు తిప్పాడు. గాల్లో కర్ర, తెరిచిన సింహం నోరు, నాడో తల. ఎడమ చెవి పూర్తిగా కనబడుతోంది, రెండు కోతలూ ఒక చిల్లూ. మాలో ఇంటింటికీ చెవికోత వేరు. బడికి వెళ్ళనివాడు కూడా ఆ చెవిని చదువుతాడు.

అప్పుడే జీపులో రేడియో పలికింది.

"చెల్లీ, లోయలో హారనేంటి? నువ్వేనా?" పార్సలోయ్ గొంతు.

"ఏనుగు అడ్డొచ్చింది అన్నా."

"ఏనుగుకి హారన్ కొట్టావా? మొన్న పుట్టావేంటే? ఉండు, దిగొస్తున్నా."

కొండ దిగడానికి పావుగంట. కుంటి ఆవు సరిహద్దు దాటడానికి రెండు గంటలు.

"సార్, ఆ ఫోటో తీసెయ్యండి. కాళ్ళు పట్టుకుంటాను. ఆవిడ మా అమ్మ. ఆ ఆవు ఒక్కటే ఉంది మాకు."

అతను నిజంగానే బిత్తరపోయాడు. "మీ అమ్మా? నేనెవరికీ చెప్పను, ఒట్టు."

"చెప్పక్కర్లేదు. సాయంత్రం క్యాంపులో అందరి ఫోటోలూ తెరమీద వేస్తారు. మేనేజరు ముందు వరసలో కూర్చుంటాడు. మీరు వెయ్యకుండా ఉండగలరా? నిజం చెప్పండి."

అతను కెమెరాను ఇంకాస్త దగ్గరకు లాక్కున్నాడు.

అమ్మ జీపు దగ్గరకొచ్చింది. "ఏమంటాడే ఆ తెల్లాయన?"

"నీ ఫోటో తీశాడు. తీసెయ్యమంటున్నాను."

"నన్ను చూడనీ ముందు." కిటికీలోంచి తల దూర్చి చూసింది. "ఓసోస్, ఇంత ముసలిదాన్నైపోయానా? సింహం మాత్రం పడుచుగానే ఉంది." తర్వాత వేలితో తెరను తాకింది. "చెవికోత కనబడుతోంది."

"అదేనమ్మా భయం."

"ఉంచమను."

"అమ్మా! ఆవును తోలుకుపోతారు. నా పని పోతుంది. తినడానికేం మిగలదు మనకు."

"పోతుంది. నాకు తెలీదా?" అమ్మ గొంతు పెంచలేదు. "నా నేల మీద నేను దొంగలా బోర్లా పడుకున్నాను. సింహం నా తల పక్కన కూర్చున్నా తెలీలేదు. నా ఆవు గంట దాన్ని బెదరగొట్టి ఉండేది, దానికీ నోరు కుక్కాను. నీ తెలివి ఐదు వారాలు విన్నాను తల్లీ. ఇక పడుకోను. మీ బాబాయి వేలు నొక్కినరోజు నన్నెవరూ అడగలేదు. ఈ చెవి చూసి ఇప్పుడడగనీ, ఎవరి ఆవని."

"అడగరమ్మా. తోలుకుపోతారంతే."

అమ్మ నాడో మెడ కింద కూర్చుని గంటలో వేళ్ళు పెట్టింది. గడ్డి గట్టిగా కుక్కాం. లాగి లాగి తీసింది. నాడో నొప్పికి తల విదిలించింది, గంట మోగింది. ఐదు వారాల్లో నేను ఆ చప్పుడు వినలేదు. లోయంతా వినబడింది.

రేడియోలో పార్సలోయ్ గొంతు మారిపోయింది. "రెసియాటో. అది గంట. నీ దగ్గర ఆవులున్నాయా?"

రేడియో మీట మీద బొటనవేలు పెట్టాను. ఇంకో ఏనుగు కథ చెప్పొచ్చు. గాలి అని చెప్పొచ్చు. అమ్మ వైపు చూశాను. గంటలోంచి తీసిన గడ్డిని ఆమె పారెయ్యలేదు. దుమ్ము లేస్తున్న కొండవైపు తిరిగి, గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి నిండా నాడో నెత్తురు.

"ఒకటుంది అన్నా. మా అమ్మది. తొడ చీరుకుపోయింది, చూలుది." మీట వదిలి, మళ్ళీ నొక్కాను. "అమ్మ చేతిలో గడ్డి ఉంది."

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. పార్సలోయ్ రేపుతున్న దుమ్ము కొండ దిగుతూనే ఉంది.