వలెంతీనా అడిగిన ఫోల్డర్

మా వంటింట్లో ప్లగ్గు ఒకటే. ఆ ఉదయం దాని కోసం టీ కెటిల్‌కీ ల్యాప్‌టాప్‌కీ తగువు వచ్చింది. అంటే అత్తగారికీ మావారికీ.

"నీ పెట్టె కళ్ళు తెరిచేలోపు పొట్టేలును కోసి వండి వడ్డించొచ్చురా. ముందు టీ కానీ!" అన్నారు అత్తగారు.

"బ్యాటరీ పోయిందమ్మా. వైరు పీకితే చచ్చిపోతుంది."

"చావనీ. టీ లేకపోతే దానికంటే ముందు నేను పోతాను."

మావారు విసుగ్గా లేచి ల్యాప్‌టాప్‌ను బిష్కెక్ బజారులో రిపేర్లు చేసే రష్యన్ ఆవిడ వలెంతీనాకు ఇచ్చి వచ్చారు. త్వరగా తెరుచుకునేలా, పాత హార్డ్ డిస్క్ తీసేసి, చూయింగ్ గమ్ ముక్కంత ఎస్సెస్డీ పెడుతుందట. పాతది ఆమెకే వదిలేశారు. కొత్తదాంట్లో చోటు తక్కువ కనుక, ఏవి ఎక్కించాలో నాకు ఫోను చేసి అడుగుతుందన్నారు.

మధ్యాహ్నం ఫోను మోగింది. అత్తగారు పక్కనే పిండి పిసుకుతున్నారు.

"ఫోటోలు, పిల్లల పాఠాలు ఎక్కించాను," అంది వలెంతీనా. "'తెమిర్' అని పెద్ద ఫోల్డర్ ఒకటుంది. మీ కిర్గిజ్ భాషలో ఇనుమేగా? మీ ఆయన ఇనుప సామాను ధరలా? తీసేయనా?"

తెమిర్ మా మామగారి పేరు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఏడు తరాల పెద్దల పేర్లు మనవలకు చెబుతున్న ఆయన గొంతు అందులో ఉంది. మా ఆచారంలో మామగారి పేరు కోడలి నోట రాకూడదు. ఇనుప పెనాన్ని కూడా నేను 'గట్టిది' అనే అంటాను.

"మామగారిది ఉంచండి," అన్నాను.

"ఆ పేరుతో ఏదీ లేదే."

"అదే... గట్టిది. గట్టిది ఉంచండి."

"హార్డ్ డిస్కా? అది నాకు వదిలేశారుగా!" నవ్వి పెట్టేసింది.

"ఎంత చదివినా పద్ధతి తప్పదు నా కోడలు," అన్నారు అత్తగారు.

ఆ మాట తీయగా తగిలింది. వాకిట్లోకి వెళ్ళి మళ్ళీ ఫోను చేయొచ్చు. మెసేజ్ రాయొచ్చు. ఆమెకు అర్థమయ్యే ఉంటుందిలే అనుకుని ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం ల్యాప్‌టాప్ వచ్చింది. మీట నొక్కగానే తెరుచుకుంది.

"అబ్బో! అయితే మీ నాన్న గొంతు పెట్టరా," అన్నారు అత్తగారు. చేతులు తుడుచుకుని, తల మీది రుమాలు సర్దుకున్నారు.

మావారు వెతికారు. మళ్ళీ వెతికారు. వలెంతీనాకు ఫోను చేస్తే, పాత డిస్కును చెరిపేసి ఇంకెవరి దాంట్లోనో వేసేశానంది.

భోజనాల దగ్గర ఎవరూ లగ్మాన్ నూడుల్స్ ముట్టుకోలేదు.

"రేపు దాని కొట్టు ముందు నిలబడి కడిగేస్తాను. బజారంతా వినాలి. ఇంకెవడూ దానికి పని ఇవ్వకూడదు," అన్నారు మావారు.

"పరాయి మనిషి, దానికేం తెలుసు పెద్దల విలువ," అన్నారు అత్తగారు. "కోడలు స్పష్టంగానే చెప్పింది. నేను విన్నానుగా."

నా చెవులు మండిపోయాయి.

"మీరు వెళ్ళొద్దండీ," అన్నాను మావారితో. "రేపు నేను వెళ్తాను, వలెంతీనాను క్షమించమని అడగడానికి. తెమిర్ తీసేయనా అని ఆమె పేరు పెట్టి అడిగింది. అత్తయ్య ముందు మంచి కోడలిననిపించుకోవాలని, తెమిర్ అన్న ఒక్క మాట నేనే అనలేదు."