రెండో పేజీ చివరి వాక్యం

"పాప వివరాలన్నీ ఒక కాగితం మీద రాసివ్వు. ఏం తింటుంది, ఏ మందు పడదు, అలాంటివన్నీ. ఆదివారం వచ్చినప్పుడు తీసుకుంటాను." ఆయన మెసేజ్ వచ్చేసరికి నేను అక్క వాళ్లింట్లో పాప యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను. ఎందుకని అడగలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, పాప లెక్కల నోటుబుక్కులోంచి రెండు కాగితాలు చింపి, నిలబడే రాయడం మొదలుపెట్టాను. మేం విడిగా ఉండబట్టి నాలుగు నెలలైంది, కోర్టులో కేసు కూడా పడింది. అయినా ఆయన అడగ్గానే నా చెయ్యి నాకంటే ముందు కదిలింది. తల్చుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పదకొండేళ్ల అలవాటు అది. ఆయన సెలవు చీటీలు, ఆఫీసుకి సంజాయిషీలు, ఇంటి ఓనరుకి ఉత్తరాలు, అత్తగారి మందుల జాబితా, అన్నీ నేనే రాసేదాన్ని. పెళ్లయిన కొత్తలో "నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే రాసెయ్" అంటే పొగడ్త అనుకుని పొంగిపోయాను. అది పని అప్పజెప్పడమని అర్థమయ్యేసరికి ఏళ్లు గడిచాయి. ఆయన కింద సంతకం మాత్రం చేసేవారు. ఒకసారి చదివి చూడండి అంటే, "నువ్వు రాసిందాంట్లో చూసేదేముంది?" అన్నారు. దాన్ని కూడా నమ్మకం అనే అనుకున్నాను. నా తెలివికి ఓ దండం పెట్టాలి. చివరికి మూడు రోజుల జ్వరంతో మంచం మీదున్న నన్ను చూసి, నువ్వు లేవకపోతే ఇల్లు ఆగిపోతుందా ఏమిటి అన్నారు. ఆగుతుందో ఆగదో చూద్దామనే పాపని తీసుకుని అక్క దగ్గరికి వచ్చేశాను.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. అక్కడ మొదటిరోజే నేర్పే విషయం ఒకటుంది. రక్తం ఇచ్చిన మనిషి కుర్చీలోంచి లేవకముందే గొట్టం మీద పేరు రాసేయాలి. పేరు లేని గొట్టం ఎవరిదీ కాదు, పారెయ్యాల్సిందే. రోజుకి వంద గొట్టాల మీద పేర్లు రాస్తాను. "మా ఆవిడ ఉద్యోగమా, సీసాలకి చీటీలు అంటిస్తుంది" అని ఆయన చుట్టాలందర్నీ నవ్వించేవారు. ఆ చీటీలంటించే మనిషే పాప గురించి రాసిన రెండు పేజీల మీద తన పేరు రాయలేదు, కాపీ ఉంచుకోలేదు. ఎప్పటిలా ఆదివారం పాపని ఆయనింటికి పంపేటప్పుడు సంచిలో పెట్టేసింది.

ఎంత పని చేశానో మొదటి వాయిదా రోజు కోర్టు వరండాలో తెలిసింది. కేసు తేలేదాకా పాప ఎవరి దగ్గర ఉండాలన్నదే ఆరోజు విషయం. తన దగ్గరే ఉంచమని ఆయన పిటిషన్ వేశారు. దానికి జతచేసిన కాగితాలు మా లాయరమ్మ నా చేతికిచ్చింది. "పాప దినచర్య, ఆరోగ్య వివరాలు. తయారు చేసినది: తండ్రి." కింద టైపు చేసిన మొదటి పేరా చదివాను. "చెవి నొప్పి అని నోటితో చెప్పదు. జుట్టు చెవి మీదికి లాక్కుంటుంది. అప్పుడే చూడాలి." నా మాటలే, అక్షరం తేడా లేదు. ఆ ఒక్క ముక్క కనిపెట్టడానికి నాకు రెండేళ్లూ మూడు చెవిపోట్లూ పట్టాయి.

ఇవి మీరు రాసిచ్చారా అని అడిగింది లాయరమ్మ. అడిగితే ఇచ్చానన్నాను. కాపీ ఉందా అంటే తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. ముందు మీ ఇద్దరితో మాట్లాడి జడ్జికి రిపోర్టిచ్చేది కోర్టు కౌన్సెలర్, ఆ గదిలోకి లాయర్లని రానివ్వరు, మీరే చెప్పుకోవాలి, ఏడవకండి, ఏడిస్తే పిల్లని చూసుకునే ధైర్యం లేదంటారు, గట్టిగా మాట్లాడకండి, గయ్యాళి అంటారు, అని గబగబా చెప్పింది. మరెలా మాట్లాడాలో చెప్పేలోపే బంట్రోతు మా నంబరు పిలిచాడు. కాగితాలు ఆవిడ చేతిలోనే ఉండిపోయాయి.

గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, తిరగని ఫ్యాను. కౌన్సెలర్ నడివయసు మనిషి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని అవే కాగితాలు తిరగేస్తోంది. పక్క కుర్చీలో ఆయన చొక్కా మడత నలగకుండా ఉంది. ఎవరు ఇస్త్రీ చేశారో అనుకున్నాను, వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆవిడ అడిగినవాటికి ఆయన తడుముకోకుండా చెప్పారు. క్లాసు టీచరు ఎవరు, ఏ మందుకి దద్దుర్లు వస్తాయి, ఉరిమితే పాప ఎక్కడ దాక్కుంటుంది. మొదటి పేజీ బట్టీ పట్టి వచ్చారని నాకు తెలుస్తూనే ఉంది. ఇంత వివరంగా తెలిసిన తండ్రులు అరుదు అంది కౌన్సెలర్. ఆయన వినయంగా తల వంచుకున్నారు. మనవరాలి పనులన్నీ కొడుకే చూసేవాడని అత్తగారు కూడా రాసిచ్చారట. మగాడు, వాడికివన్నీ ఏం తెలుస్తాయమ్మా అని పదకొండేళ్లు నాతో అన్నది ఆవిడే. ఇవాళ ఈ గది దాటేలోపు నోరు విప్పకపోతే పాప ఆ ఇంటికి వెళ్లిపోతుంది. కానీ అవి రాసింది నేనంటే ఎవరు నమ్ముతారు? సంతకం ఆయనది.

మీరేమైనా చెబుతారా అని కౌన్సెలర్ నావైపు తిరిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు.

"తనకి డ్యూటీతోనే సరిపోతుంది మేడమ్, పాపం. నేను తప్పు పట్టను."

ఆ పాపం అన్న మాటతో నా భయం సగం పోయింది. ఆరోజు ఇస్త్రీబల్ల దగ్గర రెండో పేజీ అడుగున కాస్త చోటు మిగిలితే ఇంకొకటి రాశాను. ఆయనకి కోపం వస్తుందేమోనని పెన్ను పట్టుకుని కాసేపు ఆగి మరీ రాశాను. టైపు కాగితాలూ రెండే, వాటిలో నేను మొదటి పేజీ దాటనేలేదు. అది అలాగే ఉందో, తీసేయించారో నాకు తెలియదు. చదివుంటే తీసేయించే ఉంటారు. కానీ నేను రాసింది ఆయన ఏనాడు చదివారు గనక?

"రెండో పేజీ చివరి వాక్యం ఆయన్నే పైకి చదవమనండి" అన్నాను. గొంతు వణికింది, వణకనిచ్చాను.

కౌన్సెలర్ పేజీ తిప్పి కాగితం ఆయన ముందుకి జరిపింది. చిన్నపిల్లల మారాం తీరుస్తున్నట్టు నవ్వి, ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఆదివారం మీ ఇంటి నుంచి తిరిగొచ్చాక పాప రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడదు, ఏమైందని..."

ఆగిపోయారు.

"పూర్తిచెయ్యండి" అంది ఆవిడ.

"ఏమైందని అడక్కూడదు, పక్కన కూర్చోవాలి."

వరండాలో ఎవరిదో నంబరు పిలుస్తున్నారు. ఆయన టైపు చేసినవాడి గురించి ఏదో మొదలుపెట్టి మధ్యలో మానేశారు. కౌన్సెలర్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఆ రెండు గంటలూ పక్కన కూర్చునేది ఎవరండీ?"

ఆయన కాగితం వంకే చూస్తున్నారు. ఆవిడ ఒక తెల్లకాగితం, పెన్ను నావైపు జరిపి, పాప గురించి మీకు తెలిసింది రాయండమ్మా, తొందరేం లేదు, నేను కూర్చుంటాను అంది.

చెయ్యి అలవాటుగా చెవినొప్పి దగ్గర్నించే మొదలుపెట్టబోయింది. ఆపాను. కాగితం పైన, గొట్టాల మీద రాసినంత స్పష్టంగా, ముందు నా పేరు రాశాను.