సమాధుల మధ్య రెండు కుర్చీలు

మా ఇంట్లో పొయ్యి ఒకటే. అత్తాకోడళ్ళిద్దరూ దాని దగ్గరే నిలబడి వండాలి. ఆ శనివారం సాయంత్రం నుంచి ఒకరు పొయ్యి దగ్గరికి వస్తే రెండోవారు పక్కకి తప్పుకోవడం మొదలైంది. ఉప్పు డబ్బా కావాలన్నా నోటితో అడిగేది లేదు. చెయ్యి చాపడం, అవతలి మనిషి జరగడం. అంతే.

జరిగింది ఇది. మా ఆవిడ ఆ రోజు పాపసంకీర్తనానికి వెళ్ళింది. మా గుడిలో పాపసంకీర్తన పెట్టె ఎడమ గోడకి ఆనించి ఉంటుంది. ఫాదర్ లోపల కూర్చుంటారు. మనం జాలీకి ఇవతల మోకరించి పాపాలు చెప్పుకుంటాం. తర్వాత వెళ్ళాల్సినవాళ్ళు వెనక బెంచీల్లో వరసగా కూర్చుంటారు. మా ఆవిడ మోకరించిన కాసేపటికి ఫాదర్ గొంతు గుడంతా వినబడింది.

"ఎవరు చచ్చిపోవాలనుకున్నావ్? కోడలా? ఎన్నిసార్లమ్మా?"

బెంచీలో కూర్చున్నవాళ్ళలో మూడో మనిషి మా కోడలు.

మా ఆవిడ సగంలోనే లేచి వచ్చేసింది. పాపం చెప్పింది గానీ ఫాదర్ ఇచ్చే క్షమాపణ మాట వినలేదు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని నాతో అంతా చెప్పింది.

"నేను దేవుడికి చెప్పుకున్నాను. ఆయన చాటింపు వేశాడు."

మర్నాడు పూజలో అందరూ సత్ప్రసాదానికి లేచారు. ఆ క్షమాపణ లేకుండా తీసుకోకూడదని ఆమె లేవలేదు. ఆ తర్వాతి ఆదివారమూ లేవలేదు. బెంచీలో తల దించుకుని కూర్చున్న మనిషిని దాటుకుంటూ జనం వెళ్ళారు. నేనూ దాటుకునే వెళ్ళాను.

నేను గుడి వెనక సమాధుల దొడ్డికి కాపరిని. గోతులు తవ్వుతాను, గడ్డి కోస్తాను, గేటు తాళం నా దగ్గరే ఉంటుంది. మా ఇల్లు ఆ దొడ్డి గోడకి ఆనుకునే ఉంది. మా అబ్బాయి లారీ తోలతాడు, వారానికోసారి వస్తే వచ్చినట్టు. మొదటి ఆదివారమే వచ్చి, "ఏమైంది మీ ఇద్దరికీ?" అని పెళ్ళాన్ని అడిగాడు, తల్లిని అడిగాడు. ఇద్దరూ నోరు విప్పలేదు. నన్ను అడగలేదు. నన్ను అడిగి లాభం లేదని వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

మా బావమరిది దర్జీ. ఈ గుడి కింద ఉన్న ఊళ్ళన్నిటినీ కలిపి విచారణ అంటాం, దాని పెద్దల్లో ఒకడు. రెండో ఆదివారం పూజ అయ్యాక నన్ను కొట్టుకి పిలిచాడు. కత్తిరించిన గుడ్డల మధ్య ఒక కాగితం పెట్టుకుని ఉన్నాడు.

"కూర్చో బావా. నువ్వు మాట్లాడక్కర్లేదు. సంతకం పెడితే చాలు. బిషప్ మేత్రాణులకి పంపుతున్నాం. ఈ ఫాదర్ మనకొద్దు."

"ఏం రాశావు?"

చదివాడు. ఫాదర్‌కి పొగరు. దణ్ణం పెడితే పలకడు. ఫోన్ ఎత్తడు. పాపసంకీర్తన రహస్యాలు బయట పెడతాడు. తాగుతాడు.

"తాగడం నువ్వు చూశావా?"

"అంత గొంతు తాగనివాడికి వస్తుందా?"

"చూశావా?"

"చూడలేదు. అయినా బావా, చొక్కాకి గుడ్డ కొంచెం ఎక్కువే కత్తిరిస్తాం. కుట్లలో పోతుందని. ఇదీ అంతే. అక్కడికి వెళ్ళేసరికి సగం పోతుంది, సగమైనా మిగులుతుంది."

కాగితం నా వైపు జరిపాడు. వాడే మళ్ళీ అన్నాడు.

"అక్క సంగతి కూడా రాశాను. రుజువు కావాలి కదా. పేరు రాయలేదులే. 'సమాధుల కాపరి భార్య' అని మాత్రం రాశాను."

"ఈ విచారణలో సమాధుల కాపరులు ఎంతమంది?"

వాడు ఆలోచించాడు. "నువ్వొక్కడివే."

కాగితం వాడి వైపు జరిపాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మా ఆవిడ మాట ఇప్పటికే బెంచీల దాకా వచ్చింది. ఇక మేత్రాణుల కచేరీలో బల్ల మీద నుంచి బల్ల మీదకి తిరగడం ఒక్కటే తక్కువ.

"ముందు నేను వెళ్ళి ఆయన్ని అడుగుతాను," అన్నాను. "మనకి చిన్నప్పుడు ఉపదేశి నేర్పింది అదే. తప్పు చేసినవాడికి ముందు ఒంటరిగా చెప్పాలి. వినకపోతే ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాలి. అప్పటికీ వినకపోతేనే పైవాళ్ళకి."

బావమరిది మిషన్ తొక్కడం మొదలుపెట్టి మళ్ళీ ఆపాడు.

"నువ్వు అడుగుతావా? నీ పెళ్ళిలో అప్పటి ఫాదర్ 'ఇష్టమేనా' అని మూడుసార్లు అడిగితే గానీ నోరు తెరవలేదు నువ్వు. మా నాన్న కూతుర్ని వెనక్కి తీసుకుపోదామని లేచి నిలబడ్డాడు కూడా."

"అడుగుతాను."

"సరే. వచ్చే ఆదివారం దాకా ఆగుతాను. ఆ తర్వాత నీ సంతకం ఉన్నా లేకపోయినా వెళ్ళిపోతుంది."

సోమవారం పొద్దున ఫాదర్ గదికి వెళ్ళాను. బల్ల మీద పెళ్ళి కాగితాలు, జ్ఞానస్నానం పుస్తకాలు, గడగడలాడే ఫ్యాన్. కూర్చోమన్నారు. నా మొహం వంకే చూస్తున్నారు. చూస్తున్నది నా కళ్ళని కాదు, నా నోటిని. నాకు మీసం ఎక్కువ. పై పెదవి మొత్తం కప్పేస్తుంది.

"ఫాదర్, పాపసంకీర్తనలో మీరు అన్న మాట బయటికి వినబడింది," అన్నాను.

"మంచిది," అన్నారు.

"మా ఇంట్లో మాటల్లేవు ఫాదర్. మా ఆవిడ సత్ప్రసాదం తీసుకోవడం లేదు."

"అలాగే. మంచిది."

ఎగతాళి చేస్తున్నారేమో అనుకున్నాను. కానీ మొహంలో ఎగతాళి లేదు. పరీక్షలో జవాబు తెలియని పిల్లవాడిలా ఉన్నారు.

"ఫాదర్, మీకు వినబడటం లేదా?"

"అలాగే కానివ్వు," అన్నారు. "దేవుడు చల్లగా చూస్తాడు."

బయటికి వచ్చి గుడి మెట్ల మీద కూర్చున్నాను. వానల్లో జరిగిన ఒక సమాధి గుర్తొచ్చింది. శవపెట్టె గోతిలోకి దించుతుంటే తాడు జారింది. "కాస్త ఆగండి ఫాదర్," అని వెనక నుంచి పిలిచాను. ఆయన ఆగలేదు, ప్రార్థన చదువుకుంటూ పోయారు. తడి తాడు చేతులు కోసేస్తుంటే పళ్ళు బిగబట్టి, ఎంత పొగరురా నీకు అనుకున్నాను. అది ఎవరికీ చెప్పలేదు గానీ, అనుకోవడంలో బావమరిదికి నేనేం తీసిపోలేదు.

ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ వాకిట్లోనే ఉంది.

"ఏమన్నాడు?"

"అలాగే అన్నారు."

"దేనికి?"

"అన్నిటికీ." చెప్పులు విడిచాను. "ఆయనకి చెవుడు. తన గొంతు తనకే తెలియడం లేదు."

"ఆయనకి చెవుడైతే నాకు అవమానమా?"

చెప్పులు గోడవారగా పెట్టాను. "బస్సెక్కి పక్క విచారణకి వెళ్ళు. ఏ ఫాదర్ దగ్గరైనా చెప్పుకోవచ్చు. తప్పు లేదు," అన్నాను.

"నా మాట ఈ గుడిలో కింద పడింది. ఈ గుడిలోనే లేపుకోవాలి. దొంగలా ఇంకో ఊరు పోయి చెప్పుకోను."

కోడలు లోపల కూరగాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది.

"చూశారా," అంది మా ఆవిడ గొంతు తగ్గించి. "తిట్టినా బాగుండేది. మనసులో పెట్టుకుని నన్ను కాల్చుకు తింటోంది."

మర్నాడు పొద్దున అద్దం గోడకి తగిలించి మీసం గీసేశాను. మా ఆవిడ నీళ్ళ చెంబుతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఎవరండీ మీరు?"

"ఫాదర్‌తో మాట్లాడాలి."

"పెళ్ళినాడు కూడా ఈ పెదవి నేను చూడలేదు. చూసుంటే ఆలోచించేదాన్ని."

కోడలు గోడ వైపు తిరిగింది. భుజాలు కదిలాయి. నవ్విందనే అనుకుంటున్నాను.

ఈసారి బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాను. దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి ఇద్దరం కావాలా అన్నాడు. చెవుడని వాడికి నమ్మకం కుదరలేదు. పొగరున్నవాళ్ళందరూ చెవిటివాళ్ళలాగే ఉంటారన్నాడు.

నేను ఫాదర్ ఎదురుగా కూర్చున్నాను. వాడు కావాలనే వెనక బీరువా దగ్గర నిలబడి, మామూలు గొంతుతో అన్నాడు.

"ఫాదర్, మీ అంగీ కుట్టినవాడు దొంగ. గజం గుడ్డ మిగుల్చుకున్నాడు."

ఆ అంగీ కుట్టింది వాడే. ఫాదర్ తల తిప్పలేదు. బావమరిది మొహంలో రంగు మారింది.

నేను ఒక్కో మాటా విడదీసి, పెదాలు కదిలించి చెప్పాను. "ఫాదర్. మీకు చెవులు వినబడటం లేదు. పెట్టెలో మీరు అనే మాట బెంచీల దాకా వస్తోంది."

ఆయన మొహం గట్టిపడింది. "ఎవరన్నారు? నాకు బాగానే వినబడుతుంది."

"మా బావమరిది ఇప్పుడు మీ వెనక ఏమన్నాడు?"

ఆయన వెనక్కి తిరిగి చూశారు. అక్కడ ఒక మనిషి ఉన్నాడని అప్పుడే తెలిసినట్టుంది. మళ్ళీ నా వైపు తిరగడానికి చాలాసేపు పట్టింది.

"పాపసంకీర్తనలో ఎవరు ఏం చెప్పారో నేను మాట్లాడకూడదు," అన్నారు.

"అది అడగడం లేదు. చెవి సంగతే చెబుతున్నాను."

బల్ల మీద కాగితాలు సర్దారు. సర్దినవే మళ్ళీ సర్దారు.

"నేను గుసగుసగానే మాట్లాడుతున్నాననుకున్నాను," అన్నారు.

ఆ తర్వాత ఆయనే చెప్పుకొచ్చారు. ఎడమ చెవి ఇక్కడికి రాకముందే పోయింది. కుడిది ఈ ఏడు పోతోంది. మేత్రాణులకి తెలిస్తే ముసలి ఫాదర్లుండే వృద్ధ గురువుల నివాసానికి పంపేస్తారని భయం. "అక్కడ ఒక మంచం, ఒక కిటికీ," అన్నారు. "పొద్దున లేస్తే నా కోసం ఎదురుచూసేవాళ్ళు ఒక్కరూ ఉండరు."

బావమరిది జేబులోంచి కాగితం తీశాడు. విప్పి చూసుకున్నాడు.

"బావా, పొగరు పోయింది. తాగుడు పోయింది. ఫోన్ కూడా పోయింది. ఇంక ఇందులో ఏం మిగిలింది?"

"చెవుడు మిగిలింది. అది రాయాల్సిందే." ఫాదర్ వైపు తిరిగాను. "మీరే రాయండి ఫాదర్, ఆదివారం లోపల. మీరు రాయకపోతే మేం రాస్తాం. ఉన్నదే రాస్తాం, కుట్లకని ఎక్కువ రాయం. మీరు ఉండాలని కూడా రాస్తాం. కానీ దాచం."

ఆయన చాలాసేపు నా పెదాలు చూశారు. నేను ఆపేశాక కూడా చూశారు.

"నువ్వు మాట్లాడని మనిషివని చెప్పారే."

"ఎవరో గట్టిగానే చెప్పుంటారు," అన్నాడు బావమరిది వెనక నుంచి. అదీ ఆయనకి వినబడలేదు.

"రాస్తాను," అన్నారు. "అయితే శనివారం జనం వస్తారు. వాళ్ళని ఏం చేయను? ఆ పెట్టెలో ఇక కూర్చోలేను."

"సమాధుల దొడ్డి చివర గోడ దగ్గర రెండు కుర్చీలు వేస్తాను. గేటు దగ్గర నేనుంటాను. మీరు ఎంత గట్టిగా మాట్లాడినా, అక్కడ విని బయట చెప్పేవాళ్ళు ఎవరూ లేరు."

శనివారం సాయంత్రం గడ్డి కోసి, తాపీమేస్త్రి సమాధికీ పాత హెడ్‌మిస్ట్రెస్ సమాధికీ మధ్య కుర్చీలు వేశాను. గేటు బయట వరస నిలబడింది. ఎప్పటికో రావాల్సిన చోటికి ముందే పిలిచావే అన్నారొకరు. హెడ్‌మిస్ట్రెస్ పక్కన పాపాలు చెప్పాలంటే ఇప్పటికీ చేతులు కట్టుకోవాలనిపిస్తోందన్నారు ఇంకొకరు. ఫాదర్ గొంతు అంత దూరం నుంచీ వినబడుతూనే ఉంది. గొంతే గానీ మాటలు కావు. ఎండిపోయిన బావిలో ఎవరో మాట్లాడుతున్నట్టు.

మా కోడలు వచ్చి వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక వెళ్ళింది, చెప్పుకుంది. ఏదో అడిగినట్టుంది కూడా, ఆయన చెయ్యి తిప్పుతూ కాసేపు జవాబు చెప్పారు. తర్వాత ఇంటికి వెళ్ళింది. వరసలో ఆఖరివాళ్ళు కూడా లోపలికి వెళ్ళారు, మా ఆవిడ మాత్రం రాలేదు. మా వంటింటి కిటికీ గేటు పక్కనే ఉంటుంది. లోపలి మాటలు నాకు వినబడ్డాయి.

"ఆ రోజు నువ్వు విన్నావు," అంటోంది మా ఆవిడ. "ఒక్క మాట అనవేం? తిట్టదలచుకుంటే తిట్టు. ఈ పంతం ఎన్నాళ్ళు?"

"పంతం కాదత్తయ్యా. అనకూడదు. పాపసంకీర్తన పొరపాటున చెవిన పడితే విన్నవాళ్ళు కూడా బయట పెట్టకూడదని సిస్టర్ మాకు చిన్నప్పుడే చెప్పింది. మీ అబ్బాయి గుచ్చిగుచ్చి అడిగినా చెప్పలేదు. మీతో అయినా కదపొచ్చో లేదో తెలియలేదు. నోరు తెరిస్తే అదే వచ్చేస్తుందని అసలు తెరవడమే మానేశాను. ఇందాక ఫాదర్‌ని అడిగాను. మీ అంతట మీరు కదిపితే పర్వాలేదన్నారు."

గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"నేను అది కోపమనుకున్నాను," అంది మా ఆవిడ.

"కోపం కూడా ఉంది."

"ఉండదూ మరి."

"నేను కూడా మిమ్మల్ని అలా అనుకున్న రోజులున్నాయి. నేను గొంతు తగ్గించి చెప్పుకునేదాన్ని, అంతే."

కాసేపటికి మా ఆవిడ వచ్చింది. వరస అయిపోయింది. ఫాదర్ లేవబోతూ, ఆమెని చూసి మళ్ళీ కూర్చున్నారు. నేను గేటు తీసి పక్కకి జరిగాను. నాతో ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. కుర్చీలో కూర్చుంది. ఆయన తల ముందుకి వంచి ఆమె నోటి వైపు చూస్తున్నారు. గొంతు గట్టిగా లేచింది, తగ్గింది, మళ్ళీ లేచింది. ఆఖరికి ఆయన చెయ్యి పైకెత్తి సిలువ గుర్తు వేశారు.

తిరిగొస్తూ నా దగ్గర ఆగింది.

"ఎన్నిసార్లని మళ్ళీ అడిగాడు."

"ఏం చెప్పావు?"

"అది మీకెందుకు?"

ఫాదర్ ఉత్తరం రాశారు. మేత్రాణులు పిలిపించి చెవుల డాక్టరు దగ్గరికి పంపారు. చెవికి మిషన్ వచ్చేదాకా శనివారాలు పక్క విచారణ ఫాదర్ వచ్చేటట్టు ఏర్పాటు చేశారు. ఆ తర్వాత ఈయన్ని ఇక్కడ ఉంచుతారో లేదో ఇంకా చెప్పలేదు. బావమరిది ఉంచమని ఒక కాగితం రాశాడు. రెండే వాక్యాలు. చదివించుకుని సంతకం పెట్టాను.

కుర్చీలు వేసిన శనివారం మర్నాడే పూజలో మా ఆవిడ సత్ప్రసాదానికి లేచింది. ఇంటికొచ్చాక అత్తాకోడళ్ళిద్దరూ పొయ్యి దగ్గర నిలబడ్డారు. నేను వాకిట్లో కూర్చుని గడ్డపార కొస సానబెడుతున్నాను.

"ఆ ఉప్పు డబ్బా ఇటు అందివ్వు," అంది మా ఆవిడ.

"మీ చెయ్యి పక్కనే ఉంది కదత్తయ్యా," అంది కోడలు.