ఎర్ర ఏప్రన్

ఇస్త్రీ పెద్దమ్మ మీద చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. సమ్మె ఎలా మొదలైందని మీటింగుల్లో అడుగుతుంటారు కదా, ముందు ఈ సంగతి వినండి.

మా కుట్టు షెడ్డులో రోజూ పని ముగిశాక, ఆ రోజు అందరికంటే తక్కువ పని చేసిందెవరో మేమే చేతులెత్తి తేల్చాలి. తేలిన మనిషి మర్నాడంతా ఎర్ర ఏప్రన్ కట్టుకుని పనిచెయ్యాలి. నెలలో మూడుసార్లు కడితే ఉద్యోగం ఊడినట్టే. మేనేజరు దీన్ని ‘కుటుంబ పద్ధతి’ అనేవాడు. మంచి కుటుంబమే! ఆయనకి తిట్టే శ్రమ కూడా లేకుండా మేమే ఒకరి గొంతు ఒకరం కోసుకునేవాళ్ళం. పెద్దమ్మ నోరులేని మనిషి. మోకాళ్ళు వాచిపోయి, మధ్యాహ్నానికే ఇస్త్రీ బల్ల పట్టుకుని నిలబడేది. మంచం పట్టిన మొగుడికి ఆవిడే దిక్కని తెలిసీ, ఆ నెలలో రెండుసార్లు ఆవిడకే కట్టబెట్టాం. ఒళ్ళు అంతగా అలిసిపోయాక ఎలాగోలా ఇల్లు చేరితే చాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం మేనేజరు ఏప్రన్‌ని టేబుల్ మీద పడేశాడు. “త్వరగా కానివ్వండి. ఎవరు?”

పెద్దమ్మే ముందుకొచ్చింది. “ఎలాగూ నాకేగా. మీరు ఇళ్ళకి పొండమ్మా, పిల్లలు ఎదురుచూస్తుంటారు.”

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కన బొత్తాలు కుట్టే అక్క గొణిగింది. “ఒసేయ్, ఇవాళ నా వల్ల కాదే.”

“నా వల్లా కాదక్కా.”

“ఏంటా గుసగుసలు? చేతులెత్తేదాకా తలుపు తియ్యను!” అని మేనేజరు అరిచాడు.

అక్క లేచింది. “ఒక్క మాట సార్. తక్కువ పని చేసినవాళ్ళకే కదా ఇది?”

“అవును.”

“పొద్దుట్నుంచి కుర్చీలోంచి లేవంది మీరొక్కరే సార్.”

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంటనే అందరికీ భయం పట్టుకుంది. నేను చెయ్యెత్తాను. రోజంతా కాలర్లు కుట్టిన భుజం, సలుపుతూనే లేచింది. తర్వాత ఒక్కొక్కటిగా నలభై చేతులు లేచాయి. పెద్దమ్మ మాత్రం చెయ్యెత్తలేదు. ఏప్రన్‌ని మడతపెట్టి, అలవాటుగా ముడతలు సాపుచేసి, మేనేజరు ముందు పెట్టింది.

మర్నాడు గేటు దగ్గర పెద్దమ్మనీ, అక్కనీ, నన్నూ ఆపేశారు. “మిమ్మల్ని రానివ్వొద్దన్నారు తల్లీ, నేనేం చెయ్యను?” అన్నాడు వాచ్‌మన్. మిగతావాళ్ళు తలలు దించుకుని లోపలికి పోయారు. నాకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి. గోడ పక్కన కూలబడ్డాం.

“నా మూలాన మీ నోటి దగ్గర కూడు పోయింది,” అంది పెద్దమ్మ.

“ఊరుకో పెద్దమ్మా. నీ మెడకి రెండుసార్లు ఆ ఏప్రన్ కట్టింది మేమేగా,” అంది అక్క.

ఎనిమిదింటికి బెల్లు మోగింది. మిషన్లు మొదలైతే గేటు రేకు అదురుతుంది. లేచి దాని మీద చెయ్యి పెట్టాను. అదరలేదు. మళ్ళీ బెల్లు కొట్టారు. లోపల మేనేజరు అరుస్తున్నాడు. రేకు చల్లగా, కదలకుండా ఉంది.

పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.